బేరింగు పోయిన కారు

ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదిన్నరకల్లా ఫోనును కారుకి కలపాలి. పదింటికి వదినను ఎక్కించుకోవాలి. పదకొండింటికి ఆసుపత్రి మూడో అంతస్తు హాల్లో ఆవిడ వీడ్కోలు సభకి చేర్చాలి. ఆ తర్వాత లేచి నిలబడి నాలుగు మాటలు మాట్లాడాలి. మొదటి మూడూ మంచినీళ్ళు తాగినంత తేలికనీ, నాలుగోదే ప్రాణం మీదికొస్తుందనీ ముక్తసరి లెక్క వేసుకున్నాడు.

ముక్తసరి అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. "తిన్నావా?" అంటే "ఊఁ." "ఎక్కడికి?" అంటే "పనికి." అంతకు మించి ఆ నోట్లోంచి ఏదైనా రాబట్టాలంటే పట్టుకారు కావాలి. పని లిఫ్టులు బాగుచెయ్యడం. మధ్యలో ఇరుక్కున్నవాళ్ళు లోపల లబోదిబోమంటుంటే బయటినుంచి "వస్తున్నా" అని ఒక్క మాట అనేవాడు. అన్నాక పది నిమిషాల్లో తలుపు తెరుచుకోవాల్సిందే. తమ్ముడు మిగిల్చిన మాటలన్నీ వాళ్ళ అన్నయ్య మాట్లాడేవాడు, కాబట్టి ఇంటి మొత్తం మీద సగటు సరిపోయేది.

అసలు ఒకప్పుడు ముక్తసరికి ఆ మాత్రం మాట కూడా లేదు. తొమ్మిదో ఏట తల్లి పోయాక నోరు మూసుకున్నాడు, మళ్ళీ తెరవలేదు. బతిమాలారు, బెదిరించారు, వైద్యుడికి చూపించారు. ఆ ఏడే అన్నయ్యను పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టిన వదిన మాత్రం ఇవేవీ చెయ్యలేదు. ఆరిన బట్టల బుట్ట తెచ్చి ముందు పెట్టింది, దుప్పటి రెండు కొసలు చేతికిచ్చి, "మాట రాకపోతే మడత పెట్టు" అంది. మూడు నెలలపాటు సాయంత్రాలు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మడతలు పెట్టారు. నాలుగో నెలలో ఒకరోజు వాడు, "వదినా, ఇది చిరిగింది" అన్నాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు, ఎవర్నీ పిలవలేదు. "అయితే అది పక్కన పెట్టు" అంది, అంతే.

ఆ తర్వాత ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో చేరి ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉతికించింది. రోజూ బస్సులో నిలబడి వెళ్ళడం, నిలబడి రావడం. ఎప్పుడో ఒకసారి నవ్వుతూ, "ఒక్కరోజైనా ఆ గేటులోకి కారులో వెళ్ళి దిగాలిరా" అంది. అన్నది ఆవిడే మర్చిపోయింది. ముక్తసరి మర్చిపోలేదు. ఆవిడ రిటైరయ్యే రోజుకి వారం ముందు ఒక పాత కారు కొన్నాడు.

కారు సరే, మాటల సంగతేమిటి? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆవిడకి చెప్పాలనుకుంటున్నది ఒక్కసారైనా చెప్పలేదు. ఈ రోజు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అతనికి తెలుసు. అందుకే కాగితం మీద రాసుకున్నాడు. ఇంట్లో అభ్యాసం చేస్తే భార్య వింటుందని సిగ్గుపడి, తాను పనిచేస్తున్న ఎనిమిదంతస్తుల భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో తలుపేసుకుని చేశాడు. చెడిపోయిన మోటార్ల శబ్దాలు ఫోనులో రికార్డు చేసుకుని తర్వాత తీరిగ్గా వినడం అతని వృత్తిలో అలవాటు. ఆ అలవాటుకొద్దీ తన ఉపన్యాసాన్నీ రికార్డు చేసుకున్నాడు. పదకొండు సార్లు చేశాడు. ఒక్కటీ నచ్చలేదు.

సరే, తొమ్మిదిన్నరయింది. భార్య ముందే ఆసుపత్రికి వెళ్ళి హాలు సర్దిస్తోంది. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే బండి నడుపుతూ కూడా మాట్లాడగలగాలి కదా, అందుకే ఫోను కలపాలన్నది ఆవిడ ఆజ్ఞ. అన్నదమ్ములిద్దరూ కారులో కూర్చుని తెరకేసి చూశారు. తెర మీద ఆరంకెలు వచ్చాయి. ఫోనులోనూ ఆరంకెలు వచ్చాయి. రెండూ ఒకటేనా అని తెర అడిగింది.

"ఒకటేరా, నొక్కు" అన్నాడు అన్నయ్య.

ముక్తసరి నొక్కలేదు. లిఫ్టుల పనిలో ఒక నియమం ఉంది: ఒకరు చదవాలి, రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే మీట నొక్కాలి. ఈ నియమం వల్లే ఇన్నేళ్ళలో అతని చేతికింద ఎవరికీ వేలు కూడా నలగలేదు.

"చదువు" అన్నాడు.

"నాలుగు."

"నాలుగు."

"తొమ్మిది."

"తొమ్మిది."

ఆరో అంకెకి వచ్చేసరికి సమయం మించిపోయిందని తెర అంకెలు మింగేసింది. కొత్తవి ఇచ్చింది. మళ్ళీ చదివారు, మళ్ళీ మింగింది. మూడోసారి అన్నయ్య ఓపిక నశించి, ఫోను లాక్కుని, అది ఏమడిగితే దానికల్లా "సరే, సరే, సరే" అంటూ టకటకా నొక్కేశాడు. తెర ఒక్కసారి వెలిగి నల్లబడింది.

"పాడుచేశావు" అన్నాడు ముక్తసరి.

"కలవకపోతే కొంపేం మునగదులే. మీ వదిన వస్తోంది, పద."

వదిన నీలం చీర కట్టుకుని వచ్చి, ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. "బస్సులో ఈ వేళకి ఒంటికాలి మీద ఉండేదాన్ని" అంది. ముక్తసరికి కడుపు నిండిపోయింది. తాళం తిప్పాడు.

వీధి మలుపు తిరగ్గానే ఎక్కడినుంచో సన్నగా గరగరమని శబ్దం మొదలైంది. పెద్ద రోడ్డెక్కి వేగం పెంచగానే శబ్దమూ పెరిగింది. వేగం తగ్గిస్తే తగ్గింది. ముక్తసరి ముఖం మాడిపోయింది. ఇరవై ఆరేళ్ళ అనుభవం. చీకట్లో వినిపించినా పోల్చుకోగలడు.

"బేరింగు" అన్నాడు.

"బేరింగా?" అన్నాడు వెనకనుంచి అన్నయ్య. "నేను అప్పుడే చెప్పాను, పాత కారు వద్దని."

అప్పుడు అన్నయ్య చెప్పింది పాతదే మంచిదని. అది గుర్తుచేసే తీరిక ఎవరికీ లేదు. ముక్తసరి బండి పక్కకి తీసి ఇంజను ఆపాడు. శబ్దం ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మొదలైంది. నూటికి నూరుపాళ్ళూ బేరింగే. ఇంకో కిలోమీటరు నడిపితే ముక్కలవుతుంది. ఆవిడ జీవితంలో ఒకే ఒక్కసారి అడిగిన కోరిక, దాన్ని కూడా నడిరోడ్డు మీద పడేశానే అని అతని గుండె చెరువైంది. టైము పదీ ఇరవై.

అదృష్టవశాత్తూ ఎదురుగా ఒక పంక్చరు షాపుంది. గాలి కొట్టే యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పంక్చరు మేస్త్రి వచ్చి బానెట్ తెరిచి, తల లోపల పెట్టి విన్నాడు.

"ఇక్కడేం శబ్దం లేదండీ" అన్నాడు.

ముక్తసరి లోపల కూర్చుని విన్నాడు. గరగర. దిగి బానెట్ దగ్గర విన్నాడు. ఏమీ లేదు. చూపించబోతే మాయమయ్యే రోగం, పంటి నొప్పి లాంటిది. "చక్రంలో" అన్నాడు.

"అయితే చక్రాలు విప్పాలి. ఇంజను ఆపి దిగండమ్మా" అన్నాడు మేస్త్రి.

వదిన దిగలేదు. ఆవిడ తల కొంచెం పక్కకి వంచి తలుపుకేసి చూస్తోంది. "ఇంజను ఆపుకోండి గానీ తాళం తియ్యొద్దు, ఫ్యాను గాలి కావాలి" అంది. "అద్దాలు కూడా మూసెయ్యండి, దుమ్ము."

"జాకీ పెట్టాలి కదమ్మా."

"ఏ పక్కకి జరగమంటే ఆ పక్కకి జరుగుతా. దిగడం మాత్రం దిగను. ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డాను నాయనా."

ఆ మాట ముక్తసరి గుండెలో ముల్లులా దిగింది. వెళ్ళి చక్రం బోల్టులు వదులు చెయ్యడం మొదలెట్టాడు. మొదటి చక్రం విప్పారు, బేరింగు బంగారంలా ఉంది. రెండోది విప్పారు, అదీ బంగారమే. విప్పిన బోల్టులు పోకుండా ఏదైనా కాగితం ఇమ్మని మేస్త్రి అడిగితే, ముక్తసరి జేబులో ఉన్న ఒకే ఒక్క కాగితం తీసిచ్చాడు. ఏ కాగితమో ఇచ్చాక గుర్తొచ్చింది.

అంతలో ఫోను మోగింది. భార్య. చెవి దగ్గర పెట్టుకుని "హలో" అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. ఏడుసార్లు హలో అన్నాడు, అంటే అతని లెక్కన పెద్ద ఉపన్యాసం. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫోను కూడా పోయిందనుకుని జేబులో పడేశాడు.

మూడో చక్రం దగ్గర కూర్చుని తలెత్తి చూస్తే అద్దం వెనక వదిన పెదవులు కదులుతున్నాయి. పక్కన ఎవరూ లేరు. కాసేపటికి పెదవులు ఆగాయి. మరికాసేపటికి పైటకొంగు తీసి కళ్ళు ఒత్తుకుంది. మధ్యలో ఫక్కున నవ్వింది. మళ్ళీ ఒత్తుకుంది.

"అన్నయ్యా" అన్నాడు ముక్తసరి. "చూడు."

అన్నయ్య చూశాడు. గాబరాపడి తన ఫోను తీసి నేరుగా ఆసుపత్రికే చేశాడు. "మా ఆవిడండీ. ఈ రోజు సభ ఆవిడదే. కారు దిగనంటోంది. తనలో తను మాట్లాడుకుంటోంది. ఏడుస్తోంది, అంతలోనే నవ్వుతోంది. ఉదయం బాగానే ఉందండీ." చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అవతలివాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, ఎక్కడున్నారో చెప్పమన్నారు.

పదీ యాభైకి అంబులెన్సు వచ్చింది. పంక్చరు షాపు ముందు కారు, ఒక పక్కకి ఒరిగి, మూడు చక్రాలు లేకుండా ఉంది. ఎత్తుగా ఉన్న పక్క సీట్లో నీలం చీరలో వదిన కూర్చుని ఉంది. అంబులెన్సులోంచి నర్సమ్మ పరుగున వచ్చి తలుపు కాస్త తీసి లోపల దూరింది. వదిన చప్పున ఆమె చెయ్యి పట్టుకుని లాగి, తలుపు మూసేసింది. నర్సమ్మ నాడి పట్టుకోబోయింది. వదిన పెదవుల మీద వేలు పెట్టి ఏదో చెప్పింది. నర్సమ్మ ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు, అయిదు. బయటికి రాలేదు. చూస్తూండగా ఆమె కూడా కళ్ళు తుడుచుకోవడం మొదలెట్టింది.

"గ్యాసు" అన్నాడు అన్నయ్య. "కారులో ఏదో గ్యాసు లీకవుతోంది. ఎవరు ఎక్కితే వాళ్ళ కళ్ళు మండుతున్నాయి."

మాట లేని పిల్లాడికి మాట తెప్పించిన మనిషి, ఆవిడను తెచ్చి గ్యాసు పెట్టెలో కూర్చోబెట్టాను కదా అనుకున్నాడు ముక్తసరి. రోడ్డవతల అప్పుడే బస్సు ఆగింది, ఆవిడ రోజూ ఎక్కే నంబరే. కారు తలుపు బలంగా లాగి తెరిచాడు.

"వదినా, దిగు. బస్సు."

లోపల నిశ్శబ్దంగా ఉంది. గరగర లేదు. వదిన తెర కింద గుండ్రటి మీట మీంచి చెయ్యి తీస్తూ, తీరిగ్గా అతనికేసి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"బస్సెందుకురా? అయిపోయింది. చక్రాలు పెట్టించు, కారులోనే వెళ్దాం."

"బేరింగు..."

"శబ్దం పోయింది. కావాలంటే విను."

నిజంగానే పోయింది. ఎలా పోయిందో తనకి తెలియదని పంక్చరు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. అయినా మూడు చక్రాలూ పద్ధతిగా బిగించి, గాలి చూసి, "అమ్మా, మంచిగా వెళ్ళిరండి" అన్నాడు. ఎవరో తెలియని మనిషి ఎండలో అంతసేపు మోకాళ్ళ మీద కూర్చున్నాడని ముక్తసరికి కళ్ళు చెమర్చాయి. చెప్పడానికి మాట రాక ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఇద్దరి గ్రీజూ కలిసిపోయింది.

అంబులెన్సు ముందు నడిచింది, పైన దీపం తిరుగుతూ. దాని వెనక కారు. ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు రెండు తలుపులూ బార్లా తెరిచి, పెద్ద మనిషెవరో వస్తున్నారనుకుని సెల్యూట్ కొట్టాడు. కారులోంచి లాండ్రీ అమ్మ దిగేసరికి, దించబోయిన చెయ్యి దించకుండా అలాగే ఉంచాడు. వదిన అతనికేసి చూసి తల ఊపింది.

హాల్లోకి వెళ్ళేసరికి పదకొండూ నలభై. అందరూ విసుక్కుంటూ ఉంటారని ముక్తసరి తల దించుకుని వెళ్ళాడు. ఎవరూ విసుక్కోలేదు. ఇంకా టిఫిన్లు తింటున్నారు. భార్య అతన్ని చూసి అదోలా నవ్వింది. ఎందుకు నవ్విందో అర్థం కాలేదు.

లాండ్రీలో పనిచేసేవాళ్ళు మాట్లాడారు, పెద్ద డాక్టరు మాట్లాడారు, అన్నయ్య ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ తర్వాత ముక్తసరిని పిలిచారు. లేచి వెళ్ళి కాగితం విప్పాడు. కాగితం నిండా బోల్టుల ముద్రలు, మేస్త్రి అయిదు వేళ్ళూ. ఒక్క అక్షరం కనపడలేదు.

"వదినా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. హాలంతా ఎదురుచూసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నోరు తెరిచాడు, మూశాడు. తొమ్మిదేళ్ళప్పుడు గొంతులో అడ్డం పడ్డదేదో అదే మళ్ళీ వచ్చి కూర్చున్నట్టయింది.

వదిన తన కుర్చీలోంచి లేచింది. వేదిక మీద బల్లకి తెల్ల దుప్పటి పరిచి ఉంది, నిన్న ఆవిడ స్వయంగా ఇస్త్రీ చేయించినదే. పూలగుత్తి తీసి డాక్టరు చేతిలో పెట్టింది, గ్లాసులు పక్కకి జరిపింది, దుప్పటి లాగి రెండు కొసలు ముక్తసరి చేతికిచ్చింది.

"మాట రాకపోతే మడత పెట్టు" అంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కొసలు కలిపి దులిపారు. ఒక మడత. ఆవిడ దగ్గరికి వచ్చింది, వేళ్ళు తగిలాయి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. రెండో మడత. డాక్టరు పూలగుత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. మూడో మడతకి ఆవిడ మళ్ళీ దగ్గరికి వచ్చినప్పుడు ముక్తసరి నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నేను మాట్లాడే ప్రతి మాటా నువ్విచ్చిందే వదినా. నీకు తిరిగి ఇవ్వడానికి నా దగ్గర వేరే మాట లేదు."

వదిన దుప్పటి తీసుకుని గుండెకి హత్తుకుంది. ముక్కు చీదుకుని అంది:

"ఇదే బాగుందిరా. కారులో విన్న పదకొండింటికన్నా."

ముక్తసరి తలెత్తాడు. "కారులో?"

"మీ అన్నయ్య నొక్కిన నొక్కుళ్ళకి ఫోను కలిసే ఉంది. బండి మలుపు తిరగ్గానే నీ ఫోనులో ఉన్నవన్నీ వరసగా పాడింది. మొదటిది లిఫ్టు మోటారు. చివర్లో నీ గొంతే, 'రెండో నంబరు లిఫ్టు, బేరింగు పోయింది' అని. ముప్పై ఒక్క ఏళ్ళు ఉతికే యంత్రాల మధ్య ఉన్నదాన్ని, శబ్దం చక్రంలోంచి వస్తోందో తలుపులోంచి వస్తోందో తెలీదా నాకు?"

"వేగం పెంచితే పెరిగింది..."

"వేగంలో పాట వినపడాలని కారే గొంతు పెంచుతుందట. నర్సమ్మ చెప్పింది, వాళ్ళింట్లో కారూ అంతేట. మధ్యలో నీ భార్య ఫోను చేస్తే నువ్వెత్తావు, గొంతు మాత్రం కారులో వినపడింది. నేనే మాట్లాడాను. ఆలస్యమవుతుంది, అందరికీ ముందే టిఫిన్లు పెట్టెయ్, మళ్ళీ చెయ్యకు, ఇక్కడ వింటున్నాను అని చెప్పాను."

"మరి తెలిసి... మూడు చక్రాలు విప్పినా..."

"చెబితే మీరు బాగుచేసేసేవాళ్ళు" అంది వదిన. "బాగుచేస్తే ఆగిపోయేది. దిగమన్నప్పుడే నీ గొంతు మొదలైంది. రెండో చక్రం విప్పేసరికి నువ్వు నాలుగోదాంట్లో 'వదినా' అని ఆగిపోయి ఉన్నావు. ఒట్టి మోటారే తిరుగుతోంది. అయిదోదాంట్లో ఏమంటావో వినకుండా ఎలా దిగను? ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుచూశానురా, నలభై నిమిషాలు చక్రాలు విప్పితే నష్టమేంటి? ఏడోదాంట్లో నిన్ను నువ్వే గాడిదని తిట్టుకున్నావు, అది మాత్రం తప్పు. నేను పెంచినవాణ్ణి ఎవరూ తిట్టకూడదు."

హాలంతా గొల్లుమంది. ముక్తసరి కూడా నవ్వాడు, నవ్వుతూనే ఆ కాగితంలో ముఖం దాచుకున్నాడు. ముఖం మీద అయిదు వేళ్ళ గ్రీజు పడింది. వదిన దుప్పటి కొసతో తుడవబోయి, వృత్తిధర్మం గుర్తొచ్చి, పైటకొంగుతో తుడిచింది.

మర్నాడు ముక్తసరి ఎనిమిదంతస్తుల భవనంలో రెండో నంబరు లిఫ్టుకి బేరింగు మార్చాడు. ఆ తర్వాత కారులో గరగర ఎప్పుడూ రాలేదు కాబట్టి, తప్పు బేరింగుదేనని అన్నయ్య ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉన్నాడు.